కథ తెలిశాక నచ్చిన ఫొటో నిజంగా నచ్చినట్టేనా?

వెలుతురుపిట్ట (థ్రెడ్ మొదలుపెట్టింది)

అందరికీ నమస్కారం. నేను ఫొటోగ్రఫీ రెండో ఏడాది చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో మాకో జర్నల్ రాయమన్నారు. సమకాలీన ఫొటోగ్రాఫర్ల పని చూసి మన స్పందన రాయాలి. విమర్శకులు ఏమన్నారో అక్కర్లేదు, మనకేమనిపించిందో కావాలి. వినడానికి తేలిగ్గానే ఉంది గానీ మొదటి పేజీలోనే ఇరుక్కున్నాను.

హిరోషి సుగిమోతో 'థియేటర్స్' సిరీస్ చూశాను. పాతకాలం సినిమా హాళ్లు, ఖాళీ కుర్చీలు, మధ్యలో తెల్లగా వెలిగే తెర. మొదట చూసినప్పుడు ఏమీ అనిపించలేదు. బాగా తీసిన ఇంటీరియర్ ఫొటో అనుకుని పేజీ తిప్పేశాను. తర్వాత చదివాను: సినిమా మొదలవగానే షట్టర్ తెరుస్తాడట, సినిమా అయిపోయాకే మూస్తాడట. అంటే ఆ తెల్లటి తెరలో సినిమా మొత్తం ఉంది. హాలు గోడల మీద నగిషీలు మనకు కనిపిస్తున్నది కూడా ఆ సినిమా వెలుగులోనే. ఇది తెలిశాక వెనక్కి తిప్పి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

సెబాస్టియావ్ సల్గాడో విషయంలో అంతా తిరగబడింది. బ్రెజిల్‌లోని సెర్రా పెలాడా బంగారు గనిలో 1986లో తీసిన ఫొటోలు అవి. బురదలో ముద్దయిపోయిన వేలమంది మనుషులు మూటలు మోసుకుంటూ నిచ్చెనలు ఎక్కుతుంటారు. చూడగానే ఒళ్లు జలదరించింది. ఆ తర్వాత, మనుషుల కష్టాన్ని ఇంత అందంగా చూపించవచ్చా అంటూ ఆయన మీద వచ్చిన విమర్శలు చదివాను. ఇప్పుడు ఆ జలదరింపు మీద నాకే అనుమానం వస్తోంది.

ఒకచోట చదవడం వల్ల ఇష్టం పుట్టింది, ఇంకోచోట చదవడం వల్లే ఇష్టం చెడింది. మరి "నా స్పందన" అని ఏది రాయాలి? చదవకముందుదా, చదివాకదా?

కోణం45

చదవకముందుదే. ఇందులో ఆలోచించాల్సిందేముంది? ఫొటో పక్కన రెండు పేజీల వ్యాసం పెడితే గానీ పని చెయ్యని ఫొటో, ఫొటోగా ఫెయిలైనట్టే. సుగిమోతో ఐడియా గొప్పది, కాదనను. కానీ ఒక్క హాలు చూస్తే ఐడియా అర్థమైపోయింది కదా, మిగతా హాళ్లన్నీ ఎందుకు?

గ్రెయిన్‌బాబు

థ్రెడ్ సేవ్ చేసుకున్నా. సాయంత్రం వచ్చి గొడవ పడతా.

పాతరీలు

కోణంగారూ, మిగతా హాళ్లు ఎందుకంటే తేడాలు చూడటానికి. పద్ధతి ఒక్కటే, తెర ఒక్కటే, చుట్టూ ఉన్న హాలు మాత్రం మారుతుంది. ఒకటి రాజమహల్‌లా ఉంటే ఇంకోటి సాదాసీదాగా ఉంటుంది. ఆరుబయట డ్రైవ్-ఇన్ థియేటర్లలో కూడా తీశారాయన. అక్కడ తెర వెనకాల ఆకాశంలో సన్నటి గీతలు కనిపిస్తాయి. సినిమా నడిచినంతసేపు విమానాలు, నక్షత్రాలు కదిలిన దారులు అవి. ఈ సంగతి ఎవరూ చెప్పకపోయినా ఫొటోలోనే ఉంది. పట్టించుకుని చూసేవాళ్లకి దొరుకుతుంది.

అమ్మాయీ, నీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయనిపిస్తోంది. సుగిమోతో దగ్గర నువ్వు తెలుసుకున్నది ఆ ఫొటో ఎలా తయారైందని. అది బయటి కథ కాదు, ఫొటోలో ఉన్నదే. సల్గాడో దగ్గర నువ్వు చదివింది ఇతరుల తీర్పు. ఆ తీర్పు సరైనదో కాదో ఇంకా నువ్వు తేల్చుకోలేదు, కానీ అప్పుడే ఫొటో మీద దాని నీడ పడింది. నేనైతే ఆ విమర్శని పక్కన పెట్టమనను. దాన్ని పట్టుకుని మళ్లీ ఫొటో దగ్గరికి వెళ్లి అడుగుతాను: ఇందులో ఒక్క మనిషి మొహమైనా నాకు గుర్తుందా, గుంపు ఆకారమే గుర్తుందా?

వెలుతురుపిట్ట

మాస్టారూ, మీరడిగాక మళ్లీ చూశాను. దూరం నుంచి తీసిన వాటిలో గుంపే గుర్తుంది. మనుషులు ఒక నమూనాలా, అల్లికలా కనిపిస్తారు. కానీ ఒక ఫొటోలో ఒకతను గుంజకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. వెనకంతా గని. ఎవరికీ ఏమీ బాకీ లేనట్టు నిలబడతాడు. అతను గుర్తున్నాడు. ఆ ఒక్క ఫొటో విషయంలో "అందంగా చూపించాడు" అన్న ఫిర్యాదు నాకు అంటడం లేదు. మిగతావాటికి కొంచెం అంటుతోంది.

కోణం అన్నా, ఒక ప్రశ్న. సిండీ షెర్మన్ సంగతేంటి? 1977 నుంచి 1980 దాకా తీసిన 'అన్‌టైటిల్డ్ ఫిల్మ్ స్టిల్స్'లో ఆమే మోడల్, ఆమే ఫొటోగ్రాఫర్. ఏవో పాత సినిమాల్లో సీన్లలా ఉంటాయి గానీ అలాంటి సినిమాలే లేవు. పేర్లు కూడా లేవు, నంబర్లే. అక్కడ చదవడానికి కథే ఇవ్వలేదు. అయినా చూసేవాళ్లు తలకో కథ అల్లుకుంటారు. ఫొటో ఒక్కటే చాలు అంటే ఇదే కదా? లేక మన బుర్రలో ముందే ఉన్న సినిమాలే ఇక్కడ వ్యాసం పని చేస్తున్నాయా?

కోణం45

మంచి ప్రశ్న. నాకు షెర్మన్ ఇష్టం. 48వ నంబరు చూడు, మసక వెలుతురులో రోడ్డు పక్కన పెట్టెతో మనకి వీపు పెట్టి నిలబడిన అమ్మాయి. మొహం కూడా చూపించలేదు, అయినా టెన్షన్ మొత్తం అందులో ఉంది. బుర్రలో ఉన్న సినిమాలు పని చేస్తాయి, నిజమే. కానీ అవి నా దగ్గర ఉన్నవి. గ్యాలరీ గోడ మీద అంటించిన కాగితం కాదు.

డార్క్‌రూమ్‌దెయ్యం

ఒక్క సందేహం చెల్లీ. ఇవన్నీ ఎక్కడ చూస్తున్నావు? ఫోన్‌లోనా?

వెలుతురుపిట్ట

కొన్ని లైబ్రరీ పుస్తకాల్లో చూశాను. ఎక్కువ ఫోన్‌లోనే అక్కా.

డార్క్‌రూమ్‌దెయ్యం

అక్కడే ఉంది తిరకాసు. చదవకముందు, చదివాక అని మీరంతా కొట్టుకుంటున్నారు. అసలు చూశారా అన్నది నా ప్రశ్న. ఆండ్రియాస్ గుర్స్కీ రైన్ నది మీద తీసిన 'రైన్ 2' ప్రింట్ దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పు. జెఫ్ వాల్ 1993లో చేసిన 'ఎ సడన్ గస్ట్ ఆఫ్ విండ్' దాదాపు నాలుగు మీటర్లు. పైగా అది కాగితం మీద ప్రింట్ కాదు, వెనక నుంచి లైటు వెలిగే పెట్టెలో పెట్టిన ట్రాన్స్‌పరెన్సీ, అంటే వెలుతురు దూసుకొచ్చే ఫిల్మ్. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ చెక్కముద్ర చిత్రాన్ని ఆధారం చేసుకుని, నటుల్ని పెట్టి, నెలల తరబడి తీసిన వందకు పైగా ఫొటోల్ని కంప్యూటర్‌లో కలిపి చేశాడు. గాలికి ఎగిరిపోతున్న కాగితాలు ఒక్కొక్కటీ ఎక్కడుండాలో నిర్ణయించి పెట్టినవే. ఇలాంటివాటిని అరచేతిలో చూసి నచ్చలేదనడం సముద్రాన్ని గ్లాసులో పోసి అలలేవీ అని అడగడమే.

నీ జర్నల్‌లో ప్రతి ఎంట్రీ పైన "దేంట్లో చూశాను" అని ఒక లైను రాయి. ఫోన్, పుస్తకం, గోడ మీద ప్రింట్. మీ టీచర్ అడక్కపోయినా రాయి.

గ్రెయిన్‌బాబు

సాయంత్రం అయింది, వచ్చేశా. 'రైన్ 2' 2011లో వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా పలికింది. అప్పటికి ఫొటోల్లో అదే రికార్డు. గడ్డి, నీళ్లు, ఆకాశం. నా స్పందన ఏమిటంటే నేను రాంగ్ ఫీల్డ్‌లో ఉన్నాను.

వెలుతురుపిట్ట

హహ. అన్నా, గుర్స్కీ ఎంట్రీ రాసేశాను. ఫోన్‌లో చూసిందే, అక్క చెప్పినట్టు ఆ లైను ఇప్పుడే చేర్చాను. ఇదిగో:

"ఆకుపచ్చ, బూడిద రంగు దారి, ఆకుపచ్చ, నది, ఆకుపచ్చ, ఆకాశం. అడ్డంగా గీసిన పట్టీలు. అవతలి ఒడ్డున ఉన్న పవర్ స్టేషన్ లాంటి కట్టడాల్ని ఆయన డిజిటల్‌గా తీసేశాడని నాకు చూడకముందే తెలుసు. అందుకేనేమో నాకు ప్రశాంతత కనిపించలేదు, శుభ్రం చేసిన గది కనిపించింది. ఎవరో ఇప్పుడే ఇక్కడి నుంచి వెళ్లిపోయారు, వాళ్ల జాడ కూడా మిగల్చలేదు. నది ఇలా ఉండాలని ఆయన కోరుకున్నాడు. నాకు మాత్రం ఆ తీసేసిన పవర్ స్టేషన్ చూడాలని ఉంది."

మొత్తానికి ఇది నచ్చలేదు. కానీ నచ్చినవాటికంటే దీని గురించే ఎక్కువ రాశాను.

పాతరీలు

బాగుంది. ఇంకొక్క మాట చేర్చుకో. గుర్స్కీ డ్యూసెల్‌డార్ఫ్‌లో బెర్న్డ్, హిల్లా బెకర్ల శిష్యుడు. వాళ్లిద్దరూ నీళ్ల టవర్లు, బ్లాస్ట్ ఫర్నేసులు, గని కట్టడాలు దశాబ్దాల పాటు ఒకే తీరుగా తీశారు. మబ్బు పట్టిన వెలుతురు, ఎదురుగా కెమెరా, మనుషులు లేరు. అలా తీసినవాటిని పక్కపక్కన గళ్లలా పేర్చి చూపేవారు. పారిశ్రామిక కట్టడాలు చెరిగిపోకముందే దాచిపెట్టడం గురువుల పని. శిష్యుడేమో తన ఫొటోలోంచి పవర్ స్టేషన్‌ని చెరిపేశాడు. నీకు చూడాలనిపించిన ఆ పవర్ స్టేషన్ లాంటివి చూడాలంటే గురువుల పుస్తకాలు తెరువు.

వెలుతురుపిట్ట

ఇది అస్సలు తట్టలేదు నాకు! రేపే లైబ్రరీలో వెతుకుతాను.

లెన్స్‌ప్రేమి

అంత పెద్ద ప్రింట్లకి ఏ కెమెరా వాడాలి? ఫుల్ ఫ్రేమ్ సరిపోతుందా, మీడియం ఫార్మాట్ కొనాలా?

మోడరేటర్

కెమెరా కొనుగోళ్లకి వేరే విభాగం ఉందండీ. అక్కడ అడగండి, ఇక్కడ వద్దు.

కోణం45

అసలు విషయానికి వద్దాం. కథ లేకుండా నిలబడే ఫొటో కావాలంటే ఫిలిప్-లోర్కా డికోర్సియా 'హెడ్స్' చూడు. 1999 నుంచి 2001 దాకా న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో తీశాడు. చుట్టూ చీకటి, ఒక్క మొహం మీద మాత్రం వెలుగు. పాత తైలవర్ణ చిత్రాల్లో ఉంటుందే, అలాంటి వెలుగు. రోడ్డు మీద నడిచే మామూలు మనిషి మొహంలో అంత ఏకాంతం ఉంటుందని వాటిని చూశాకే తెలిసింది నాకు. ఏమీ చదవక్కర్లేదు.

డార్క్‌రూమ్‌దెయ్యం

చదవక్కర్లేదా? అది ఎలా తీశాడో కూడా చెప్పండి మరి. నిర్మాణపు పరంజాకి ఫ్లాష్ బిగించి, దూరం నుంచి పొడవాటి లెన్స్ పెట్టుకుని, ఆ చోటికి వచ్చిన వాళ్లని వాళ్లకి తెలియకుండా తీశాడు. వాళ్లలో ఒకాయన తన ఫొటో గ్యాలరీలో అమ్ముడుపోయిందని తెలిసి కోర్టుకి వెళ్లాడు. తన మతవిశ్వాసానికి అది విరుద్ధమని కూడా చెప్పుకున్నాడు. 2006లో న్యూయార్క్ కోర్టు, ఇది కళ, భావప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుందని కేసు కొట్టేసింది. మీకు ఏకాంతం కనిపించిన మొహం, తనని ఎవరో చూస్తున్నారని తెలియని మొహం. తెలిసి ఉంటే ఆ ఏకాంతం ఉండేదా?

కోణం45

ఉండేది కాదు. అందుకే అలా తీశాడు. కోర్టు కూడా తప్పు లేదంది. వీధిలో తీసే ఫొటోలన్నీ అంతే కదా?

డార్క్‌రూమ్‌దెయ్యం

చట్టం ఒప్పుకుంది, సరే. ఇక్కడ చర్చ చట్టం గురించి కాదు, ఈ అమ్మాయి స్పందన గురించి. ఫొటో ఒక్కటే చాలు అనేది చూసేవాళ్లకి సుఖంగానే ఉంటుంది. ఫొటోలో ఉన్నవాళ్లకి ఆ అవకాశం లేదు.

గ్రెయిన్‌బాబు

అక్క ఈరోజు ఫామ్‌లో ఉంది 🔥

వెలుతురుపిట్ట

మీ ఇద్దరి గొడవ చదివాక రినెకె డైక్‌స్ట్రా గురించి చెప్పాలనిపించింది. ఎందుకంటే నాకు కోణం అన్న చెప్పిందీ అక్క చెప్పిందీ రెండూ ఆమె దగ్గరే కలిశాయి.

1992 నుంచి తీసిన ఆమె 'బీచ్ పోర్ట్రెయిట్స్' పుస్తకంలో చూశాను, ఏమీ చదవకుండా. సముద్రం ఒడ్డున ఈతబట్టల్లో ఒక్కో టీనేజర్. కెమెరా కొంచెం కింద నుంచి చూస్తుంది, పగటి వెలుతురుకి ఫ్లాష్ కూడా తోడైంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లకి తెలియదు. పోలండ్‌లో తీసిన ఆకుపచ్చ స్విమ్‌సూట్ అమ్మాయి ఒక పక్కకి ఒరిగి నిలబడుతుంది. పాతకాలం ఇటలీ చిత్రకారుడు బాటిచెల్లీ గీసిన వీనస్ దేవతలా ఉందని అందరూ అంటారట. నాకు వీనస్ తట్టలేదు. ఆ వయసులో గ్రూప్ ఫొటోల్లో నేను చివర నిలబడి భుజాలు ముడుచుకునేదాన్ని, అది తట్టింది. ఇది చదవకముందు స్పందన. కోణం అన్న పార్టీ.

ఇంకో సిరీస్ ఉంది. బోస్నియా నుంచి నెదర్లాండ్స్‌కి ఆశ్రయం కోరి వచ్చిన కుటుంబంలోని ఒక చిన్నపిల్లని 1994లో కుర్చీలో కూర్చోబెట్టి తీసింది. తర్వాత ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కుర్చీ, మళ్లీ ఫొటో, 2008 దాకా. మొదటి ఫొటోలో పిల్ల కాళ్లు నేలకి అందవు. తర్వాతెప్పుడో అందుతాయి. జుట్టు రంగు మారుతుంది, బట్టలు మారతాయి, చివరికి ఒళ్లో బిడ్డతో కూర్చుంటుంది. ఒక్క ఫొటోనే చూపిస్తే నేను ఆగేదాన్ని కాదు. పక్కన ఇంకోటి పెట్టాకే కథ మొదలవుతుంది, ఆ కథ వ్యాసం నుంచి రాలేదు, మిగతా ఫొటోల నుంచి వచ్చింది. పైగా ఆ అమ్మాయి ప్రతిసారీ కెమెరా ముందు కూర్చోవడానికి ఒప్పుకుంది. డికోర్సియా ఫొటోల్లో లేనిది అదే.

పాతరీలు

ఇదే రాయి జర్నల్‌లో. ఒక్క అక్షరం మార్చకు.

నీలిఫిల్టర్

ఆలస్యంగా వస్తున్నాను. మనవాళ్ల పేరు ఒక్కటీ రాలేదేంటి ఇప్పటిదాకా?

ఒప్పుకోవడం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి గౌరీ గిల్ 'యాక్ట్స్ ఆఫ్ అప్పియరెన్స్' చూడండి. మహారాష్ట్రలోని జవ్హార్ ప్రాంతంలో కాగితపు గుజ్జుతో దేవతల ముఖాలు (మాస్కులు) చేసే ఆదివాసీ కళాకారులతో 2015లో మొదలుపెట్టారు. ఈసారి దేవతలు కాకుండా మామూలు జీవితంలోని ముఖాలు చెయ్యమని అడిగారు. మనుషుల ముఖాలు, జంతువుల తలలు, వస్తువులు. ఊళ్లోవాళ్లే వాటిని పెట్టుకుని ఆసుపత్రిలోనో, ఇంటి ముందో, దుకాణంలోనో నిలబడతారు. మొహమే కనిపించదు, కానీ అది ఎలాంటి మొహంగా కనిపించాలో వాళ్లే తయారు చేసుకున్నారు. నాకు నవ్వొచ్చింది చూడగానే. ఆ నవ్వు వెంటనే పోలేదు, కొంచెం ఇబ్బందిగా మారింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

1999 నుంచి రాజస్థాన్ పల్లెల్లో ఆమె చేస్తున్న 'నోట్స్ ఫ్రమ్ ద డెజర్ట్' వేరే ధోరణి, బ్లాక్ అండ్ వైట్. దానికి 2023లో ప్రి పిక్టే అవార్డు వచ్చింది.

దయానితా సింగ్‌ని మాత్రం ఫోన్‌లో చూడొద్దు, దెయ్యం అక్క మాటే నా మాట. 2017లో వచ్చిన 'మ్యూజియం భవన్' ఒక పెట్టె, అందులో మడతలు మడతలుగా విప్పుకునే చిన్న పుస్తకాలు. బల్ల మీద నిలబెడితే అదే ఎగ్జిబిషన్. ఏ మడత ముందు, ఏది వెనక అన్నది నీ ఇష్టం. 2022లో ఆమెకి హాసెల్‌బ్లాడ్ అవార్డు ఇచ్చారు.

వెలుతురుపిట్ట

గౌరీ గిల్ ముఖాల సిరీస్ ఇప్పుడే చూశాను అక్కా. నాకు నవ్వు రాలేదు. మాస్కు వెనక ఉన్నవాళ్లే నన్ను చూస్తున్నారనిపించింది.

దయానితా సింగ్ పుస్తకం మా లైబ్రరీలో లేదు. సొహ్రాబ్ హురా పుస్తకం ఒకటి మా సీనియర్ దగ్గర ఉంది, 2018లో వచ్చిన 'లుక్ ఇట్స్ గెట్టింగ్ సన్నీ అవుట్‌సైడ్'. వాళ్లమ్మ మానసిక అనారోగ్యం, ఇల్లు, పెంపుడు కుక్క. కొన్ని పేజీలు చూడలేక మూసేశాను. ఫ్లాష్ మరీ దగ్గర నుంచి పడుతుంది. దాని గురించి ఇప్పుడే రాయను. కొన్నాళ్లు ఆగాలి.

కోణం45

సరే, నేను కూడా ఒక ఉదాహరణ ఇస్తాను, మీ అందరికీ పనికొచ్చేది. జోనస్ బెండిక్సెన్ 2021లో తెచ్చిన 'ద బుక్ ఆఫ్ వెలెస్'. అమెరికా ఎన్నికలప్పుడు ఫేక్ న్యూస్ వెబ్‌సైట్లు నడిపిన ఉత్తర మాసిడోనియా ఊరి మీద డాక్యుమెంటరీ పుస్తకం. ఆ ఊరికి నిజంగా వెళ్లి ఖాళీ వీధులు, గదులు తీశాడు. మనుషులు, ఎలుగుబంట్లు అన్నీ త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసి పెట్టినవి. అందులో వ్యాసం కూడా కంప్యూటర్ రాసిందే. అనుభవమున్న ఫొటో ఎడిటర్లు చూశారు, ఫ్రాన్స్‌లో ఫొటో జర్నలిజం పండుగలో తెర మీద వేశారు, ఎవరూ పట్టుకోలేదు. చివరికి తనే నకిలీ అకౌంట్ పెట్టుకుని తన మీద తనే ఆరోపణ చేసుకోవాల్సొచ్చింది.

వాళ్లు ఎందుకు మోసపోయారు? పేరున్న మ్యాగ్నమ్ ఫొటో ఏజెన్సీ సభ్యుడు, డాక్యుమెంటరీ, ఊరి పేరు. కథ ముందే నమ్మేశారు కాబట్టి ఫొటో చూడలేదు. ముందు చూడండి, తర్వాత చదవండి అని అందుకే మొత్తుకునేది.

పాతరీలు

గట్టి పాయింట్. కానీ కోణంగారూ, ఇప్పుడు ఆ పుస్తకం మీకెందుకు ఆసక్తి? కథ తెలిసింది కాబట్టే కదా. ఏమీ చెప్పకుండా ఆ ఫొటోలు మీ ముందు పెడితే రెండో పేజీ దగ్గరే పక్కన పడేసేవారు.

కోణం45

... అది వేరే విషయం.

గ్రెయిన్‌బాబు

😂😂 అన్న దొరికాడు

డార్క్‌రూమ్‌దెయ్యం

చెల్లీ, గొడవలో పడి నీ పని మర్చిపోకు. నాకు తెలిసిన పద్ధతి చెప్తాను. ఒక పేజీని నిలువునా రెండు భాగాలు చెయ్యి. ఎడమవైపు ఏమీ చదవకుండా రాసింది, అదే రోజు. కుడివైపు చదివాక రాసింది. ఎడమవైపుది దిద్దకూడదు, ఎంత తెలివితక్కువగా కనిపించినా సరే. మీ టీచర్‌కి రెండూ చూపించు.

వెలుతురుపిట్ట

అలాగే ఒకటి చేసి చూశాను అక్కా. జనేలె ముహోలి స్వీయచిత్రాలు, 'సొమ్‌న్యామా న్‌గొన్యామా' సిరీస్.

ఎడమవైపు: "ఫోన్‌లో చూశాను. ఒళ్లు ఇంత నల్లగా ఎలా వచ్చింది? కళ్ల తెలుపు మాత్రం నా మీదే ఉంది. తల మీద కిరీటంలా ఏదో ఉంది. బట్టలకి పెట్టే క్లిప్పులు! జుట్టు నిండా, చెవులకి కూడా. ఫ్యాషన్ మ్యాగజైన్ కవర్‌లా ఉంది. అంత ధీమాగా నేను ఏ ఫొటోలోనూ కూర్చోలేదు."

కుడివైపు: "దక్షిణాఫ్రికా. ప్రింట్‌లో కాంట్రాస్ట్ పెంచి తమ చర్మాన్ని కావాలనే ఇంకా నల్లగా చేశారు. క్లిప్పుల ఫొటో పేరు 'బెస్టర్', అది వాళ్లమ్మ పేరు. ఆమె ఇళ్లల్లో పని చేసేది. కాబట్టి అవి అలంకారం కాదు. కానీ అలంకారం కూడా. మనవాళ్లు ఫొటో తీస్తే మొదట చేసేది బ్రైట్‌నెస్ పెంచి మొహం తెల్లగా చెయ్యడం. నా ఫొటోలు నేనే అలా ఎడిట్ చేస్తాను. ముహోలి ఆ స్లైడర్‌ని రెండో వైపుకి లాగారు."

నీలిఫిల్టర్

ఆ "అలంకారం కూడా" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను.

కోణం45

నాకు ఎడమవైపుదే ఎక్కువ నచ్చింది. "అంత ధీమాగా నేను ఏ ఫొటోలోనూ కూర్చోలేదు" అన్నది చదివి నేర్చుకున్నది కాదు. కుడివైపు మొదటి మూడు వాక్యాలు ఎవరైనా రాస్తారు. స్లైడర్ ముక్క మాత్రం నీదే. అది ఉంచు, మిగతాది కుదించు.

డార్క్‌రూమ్‌దెయ్యం

కుదించకు. అమ్మ పేరు లేకపోతే క్లిప్పులు క్లిప్పులుగానే మిగిలిపోతాయి.

వెలుతురుపిట్ట

అమ్మ పేరు ఉంచుతాను, కాంట్రాస్ట్ వాక్యం స్లైడర్ ముక్కలో కలిపేస్తాను. కోణం అన్నా, మీ షెర్మన్ 48వ నంబరుకి కుడివైపు ఖాళీగా వదిలేస్తున్నాను.

గ్రెయిన్‌బాబు

అందరూ ఉన్నారు గానీ వోల్ఫ్‌గాంగ్ టిల్‌మన్స్ ఏడి? ఫ్రేములు లేకుండా గోడకి టేపుతో అంటించేస్తాడు, చిన్న ప్రింటు పక్కన పెద్దది, కింద ఒకటి, మూలన ఒకటి. 2000లో టర్నర్ ప్రైజ్ గెలిచిన మొదటి ఫొటోగ్రాఫర్. అతని ఫొటోలు విడిగా చూస్తే నాకు ఒక్కటీ నచ్చలేదు, గోడ మొత్తం చూస్తే నచ్చింది. దీనికి ఎడమవైపు ఏం రాయాలి, కుడివైపు ఏం రాయాలి?

పాతరీలు

దానికి కొత్త థ్రెడ్ పెట్టు బాబూ. గోడ ఫొటో ఉంటే అది కూడా పెట్టు, ఒక్కొక్కటి కత్తిరించి పెట్టకు.